నిలుచున్న వరుసలో నాలుగోవాడు

మా జనగామ క్రైస్తవ సంఘంలో యువజనుల కోసం ఒక చదువుగది పెట్టుకున్నాం. గది అంటే గుడి వెనక పాత సామాన్లు పడేసే కొట్టు. సున్నం వేయించి, బల్ల ఒకటీ బెంచీలు రెండూ వేశాం. ఒక అర నిండా భక్తి పుస్తకాలు సర్దాం. రెండో అర ఖాళీగా ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి మా యువజన కార్యదర్శి. పోయిన వారం కాగితమూ పెన్సిలూ పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"అయ్యగారూ, పోరగాళ్లు ఆటల బుక్కులు కావాలంటున్నరు. గదీ ఫుట్‌బాల్‌యే కావాల్నట. ఏవి మంచియో మీకేమన్న ఎరుకనా?"

"నాకెట్లా తెలుస్తుందమ్మా?"

"మీ పెట్టెల ఒకటి ఉన్నదట గద. అమ్మగారు చెప్పింది."

ఎవరో వెనకనుంచి అందిస్తున్నట్టు, తడుముకోకుండా చెప్పాను. "రాసుకో. ఓడిపోయిన జట్టు పేర్లు వేయని పుస్తకం కొనొద్దు. ఫొటో కింద ఎవరు ఎక్కడ నిలుచున్నారో వరుసగా చెప్పని పుస్తకం కొనొద్దు. గోలు కొట్టినవాడి గురించే రాసి, బంతి అందించినవాడిని మరిచిపోయిన పుస్తకం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు."

ఆ అమ్మాయి రాసుకుంది. తలెత్తి నావైపు వింతగా చూసింది. ఆ మాటలు నావి కావు. డోర్నకల్ జంక్షన్లో గూడ్సు బండి గార్డుగా పనిచేసిన మనిషివి. ఆయన పోయి రెండేళ్లు కావస్తున్నది.

ఆయనను అందరం గార్డన్న అనేవాళ్లం. పొడుగు మనిషి, సన్నగా ఉండేవాడు. తెల్ల ఉడుపు గొంతు దాకా గుండీలు పెట్టుకునేవాడు. డ్యూటీ లేని రోజున కూడా చంకలో జెండాలు ఉన్నట్టే ఎడమ చెయ్యి ఒంటికి అంటించి నడిచేవాడు. ఎక్కడ కూర్చున్నా వచ్చిన దారివైపు మొహం పెట్టి కూర్చునేవాడు. గుడిలో మాత్రం అలా కుదరదు కదా. అందుకని ఆరాధన మొదలయ్యే ముందు ఒకసారి లేచి, వెనక్కి తిరిగి, గుమ్మం దాకా అందరూ లోపలికి వచ్చారో లేదో చూసి అప్పుడు కూర్చునేవాడు.

"ఇంజనోడు ముందటికి చూస్తడు. నేను ఎనక డబ్బల మనిషిని. పోయినయన్నీ నాకే కనవడ్తయి" అనేవాడు.

నేను డోర్నకల్‌కు పాస్టరు కింద ఉపదేశిగా వచ్చింది అరవైతొమ్మిదిలో. ఇరవై మూడేళ్లవాణ్ణి. బైబిలు వేదపాఠశాల నుంచి అప్పుడే బయటపడి, లోకాన్నంతా ఆ యేడే రక్షించేయాలన్న తొందరలో ఉన్నాను. తెలంగాణ ఉద్యమంతో బళ్లు మూసేశారు. పిల్లలు పొద్దుగూకులూ మిషన్ కాంపౌండులో ఒట్టికాళ్లతో బంతి తన్నేవాళ్లు. అలసిపోయి గార్డన్న ఇంటి అరుగు మీద చేరేవాళ్లు. ఆయన ఇంట్లో ఉంటే పెట్టె తెరిచేవాడు.

అది రైల్వేవాళ్ల నల్లపెట్టె, పాతబడితే తీసేసినది. లోపల వేపాకూ పొగాకు కాడలూ పరిచి, వాటి మీద పుస్తకాలు పేర్చి ఉండేవి. సికింద్రాబాద్ ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చిన ఇంగ్లీషు వారపత్రికలు. గోధుమరంగు అట్ట వేసిన నియమాల పుస్తకం. ఖరగ్‌పూర్ వైపు నుంచి వచ్చే ఒక డ్రైవరు తెచ్చిచ్చిన బెంగాలీ పత్రికలు. ఆ బెంగాలీ ఆయనకు ఒక్క అక్షరం రాదు. అయినా ఫొటోలో ఆటగాళ్ల మొహాలు చూసి ఎవరు గెలిచారో చెప్పేవాడు. "నోరు తెరిచి ఉన్నోడు గెలిచినోడు అనుకుంటరు మీరు. కాదు. గెలిచినోడు పక్కోని దిక్కు చూస్తడు. ఓడినోడు భూమి దిక్కు చూస్తడు."

పుస్తకం ముట్టుకోవాలంటే ఒక పద్ధతి. చేతులు కడుక్కోవాలి, తుడుచుకోవాలి, మంచం మీద పరిచిన తెల్ల దుప్పటి మీద పెట్టి చూడాలి. వేలికి ఉమ్మి తగిలించి పేజీ తిప్పితే ఆయన ప్రాణం పోయినట్టే. "పై మూల పట్టుకో! పై మూల!" ఇంటికి తీసుకుపోవడానికి ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

వాళ్ల ఇంటావిడను అక్కా అనేవాణ్ణి. ఆమె వంటింట్లోంచి తన వాటా తాను అంటించేది.

"చూసినవా ఉపదేశీ, మా పెండ్లినాడు నన్ను గిట్ల చేతులు కడుక్కొని ముట్టలే ఈ మనిషి."

"నువ్వు చినుగవు గద" అనేవాడు ఆయన, తలెత్తకుండా.

గుడిలో పాతనిబంధన పాఠం చదివే వంతు నెలకొకసారి ఆయనది. తన వంతు కాకపోయినా, పాఠంలో పేర్ల పట్టిక వస్తే అడిగి తీసుకునేవాడు. ఎవడు ఎవని కుమారుడో, చెరనుంచి తిరిగివచ్చినవాళ్లు ఎవరో, ఏ గుమ్మం ఎవరు బాగుచేశారో చెప్పే ఆ పేర్లను మిగతావాళ్లం గొణిగి దాటేసేవాళ్లం. ఆయన ఒక్కొక్క పేరునూ పిలిచినట్టు చదివేవాడు. పేరు తరువాత క్షణం ఆగేవాడు, ఆ మనిషి లేచి నిలబడటానికి వ్యవధి ఇస్తున్నట్టు. అదే గొంతుతో ఇంట్లో ఆటగాళ్ల పేర్లు చదివేవాడు. నాకు మొదట్లో అది తప్పుగా తోచింది. దేవుని సన్నిధిలో చదివే గొంతు బంతాటకు వాడతాడా అని లోపల గుంజుకునేవాణ్ణి.

ఉద్యమం రోజుల్లో ఆయన బండిని జనగామలో ఆపేసిన సంగతి ఎన్నిసార్లు చెప్పించుకున్నామో. పొద్దున ఆగిన గూడ్సు పగలు రెండు దాటినా కదల్లేదట. పట్టాల మీద విద్యార్థులు కూర్చున్నారు. నలుగురు వెనక డబ్బా ఎక్కి, "పెట్టెల ఏమున్నదే? తీయ్" అన్నారట. తీశాడు. జెండాలు, దీపం, అన్నం గిన్నె, ఒక ఫుట్‌బాల్ వారపత్రిక.

"ఇండ్ల మన హైదరాబాదోళ్లు ఉన్నరానే?" అని ఒకడు అడిగాడట.

"ఉన్నరు. చేతులు కడుక్కొని రా, చూపిస్త."

"ఏంది? మేం బండి ఆపినోళ్లం. మాకే చేతులు కడుక్కోమంటవా?"

"బండి సర్కారుది. బుక్కు నాది."

కడుక్కుని వచ్చారట, కూజాలో తాగే నీళ్లతో. డబ్బా నీడలో పట్టాల పక్కన ముప్పైమంది కూర్చుంటే, ఆయన ఆట మొత్తం తెలుగులో చెప్పుకుంటూ చదివాడట. అయిపోయాక వాళ్ల నాయకుడు లేచి, "బండి మాత్రం పోనియ్యం. ఇంకోటి చదువు" అన్నాడట. ఈ మాట దగ్గర గార్డన్న తొడ చరుచుకొని నవ్వేవాడు. నవ్వు తగ్గాక ఒక మాట అనేవాడు. "అందరు పోరగాళ్లే. తర్వాత వాళ్లల్ల ఎవరెవరు ఏమయిన్రో. పేర్లు అడగకపోతిని."

ఆ పెట్టెలో అన్నిటికన్న కింద, తువాలలో చుట్టి, ఒక పెద్ద వార్షిక సంచిక ఉండేది. కాజీపేటలో ఉండే ఒక ఆంగ్లో-ఇండియన్ డ్రైవరు కుటుంబమంతా ఆస్ట్రేలియా పోతూ ఆయన చేతిలో పెట్టిపోయింది. గట్టి అట్ట, నున్నని కాగితం, రంగు బొమ్మలు. అందులో ఒక పుటలో ఇంగ్లండులోని ఏదో బొగ్గుగనుల ఊరి జట్టు ఫొటో ఉంది. చివరి ఆటలో ఓడిపోయిన జట్టు. ఆరుగురు నిలుచున్నారు, అయిదుగురు కూర్చున్నారు. కింద పదకొండు పేర్లూ వరుసగా ఉన్నాయి. గెలిచిన జట్టు ఫొటో అవతలి పుటలో ఉన్నా ఆయన చెయ్యి అక్కడ ఆగేది కాదు.

"గెలిచినోళ్లను ఊరంత యాది పెట్టుకుంటది. వీళ్లకు ఈ బుక్కే దిక్కు" అనేవాడు.

రెండేళ్లు గడిచాక మా సంఘంలో ఉజ్జీవ కూటాలు జరిగాయి. నాలుగు రోజులు పందిరి నిండిపోయింది. ఎఫెసు విశ్వాసులు తమ మాంత్రిక గ్రంథాలు తెచ్చి అందరి ముందూ కాల్చిన సంగతిని ప్రసంగీకుడు చెప్పాడు. చివరి రోజు మధ్యాహ్నం మనమూ అట్లా చేద్దామన్నారు. ఇంటింటికీ తిరిగి చెప్పే పని నాది. గార్డన్న ఇంటికీ వెళ్లాను. ఆయన పెట్టె ముందే కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నీకూ దేవునికీ మధ్య ఏం అడ్డమున్నదో నీకే తెలుసు" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ గొంతులోని గర్వం నాకే వినిపిస్తుంది.

అక్క వంటింట్లోంచి తొంగిచూసి, "ఏం ఉపదేశీ, మా పెట్టె మీద వడ్డవా?" అంది.

మర్నాడు అందరూ తెచ్చారు. తాయెత్తులు, పేక ముక్కలు, చిరిగిన సినిమా పాటల పుస్తకాలు, బీడీ కట్టలు. అన్నీ గంపలోకి విసిరేస్తున్నారు. గార్డన్న ఉతికిన ఉడుపుతో వచ్చాడు. చేతిలో తువాల మూట. గంపలో వేయకుండా, రెండు చేతులతో నాకు అందించాడు. అది ఆ వార్షిక సంచిక.

"ఇదా? పాతది ఏదన్నా తేవాల్సింది కదన్నా" అన్నాను.

"కుంటిదాన్ని, గుడ్డిదాన్ని అర్పణకు తేవద్దు గద. అందుల ఒక్క పేజీ మడత లేదు. చూసుకోండ్రి."

గంపను గుడి పక్కగది నుంచి వెనక గుంట దగ్గరికి మోసుకుపోయేది నేనే. పక్కగదిలో ఒంటరిగా ఉన్నప్పుడు మూట విప్పాను. మడత ఉందేమో చూద్దామని కాదు. నా బతుకులో అంత అందమైన పుస్తకం నా చేతిలోకి రాలేదు. పేజీ తిప్పాను, పై మూల పట్టుకొని. కాగితం వాసన తగిలింది. పదకొండు మంది మొహాలు నావైపే చూస్తున్నాయి. గంప బయటికి పోయింది. పుస్తకం పోలేదు. పాటల పుస్తకాల బీరువా కింద అది ఉండిపోయింది. ఆ సాయంత్రమే నా రేకుపెట్టెలో అడుక్కు చేరింది.

బైబిల్లో, పట్టణపు దోపిడిలోంచి దేవునికి ప్రతిష్ఠితమైనదాన్ని దొంగిలించి, తన గుడారంలో మట్టి కింద దాచినవాడి కథ నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ తరువాత దాన్ని చెప్పడం మానుకున్నాను.

పొగ లేస్తుంటే గార్డన్న వెనక వరుసలో నిలబడి, తలపైకెత్తి చూస్తున్నాడు. ఆయన మొహంలో దుఃఖం లేదు. బండి సిగ్నలు దాటి వెళ్లిపోయాక నిలబడే మనిషిలా ఉన్నాడు.

మిగతా పుస్తకాల మీద ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు. పిల్లలు మళ్లీ అరుగు ఎక్కారు. "అన్నిటిల మంచి బుక్కు ఏదన్నా?" అని ఎవరైనా అడిగితే, ఆయన వేలు పైకి చూపేవాడు. "అది ఈడ లేదు. పైన ఉన్నది." కొత్తవాళ్లు అటక వైపు చూసేవాళ్లు. పాతవాళ్లు నవ్వేవాళ్లు. నేను నేలవైపు చూసేవాణ్ణి.

అంతటితో ఆగితే బాగుండేది. ఆయన ఆ పుస్తకాన్ని కళ్లు మూసుకొని చెప్పేవాడు, పేజీ తరువాత పేజీ. ఓడిన జట్టు ఫొటో దగ్గరికి వచ్చేసరికి గుడిలో చదివే గొంతు వచ్చేది. "నిలుచున్నోళ్లు, ఎడమ దిక్కు నుంచి. బేకర్. హిల్. కూపర్." అక్కడ ఆగిపోయేవాడు. కుడిచెయ్యి గాలిలో ఉండిపోయేది. "నాలుగో ఆయన... తల జర వంచి ఉంటడు... ఎవరుల్లా?" కాసేపు చూసి, "దేవునికెరుక" అని చెయ్యి దించేవాడు. "ఫ్రాస్ట్. రీడ్." అని మిగతా వరుస ముగించేవాడు. ఒక్కడు పోయినందుకు ఆ పూటంతా మనసులో వెతుక్కుంటూనే ఉండేవాడు.

మొదటిసారి విన్న రోజునే ఇంటికి వచ్చి, తలుపు గడియ పెట్టి, పెట్టె తెరిచి చూశాను. నాలుగో పేరు గార్నెట్. నాకు తెలుసు. చెప్పలేను. ఆయన చెయ్యి గాలిలో ఆగిన ప్రతిసారీ ఆ పేరు నా నాలుక మీదికి వచ్చి నిలబడేది. చెబితే ఎట్లా తెలిసిందని అడుగుతాడు.

ఏళ్లు గడిచాయి. నన్ను మానుకోటకు పంపారు, పాస్టరుగా అభిషేకమిచ్చారు. నేను మొదటిసారి ప్రభు భోజనం ఇచ్చిన ఆదివారం గార్డన్న డోర్నకల్ నుంచి రైలెక్కి వచ్చాడు. ఆరాధన అయ్యాక నా రెండు చేతులూ పట్టుకొని అక్కడివాళ్లకు చూపించాడు. "ఇవే చేతులు. నా బుక్కును దేవునికి ముట్టజెప్పిన చేతులు." పుస్తకం పోస్టులో పంపేద్దామనుకున్నాను. అట్ట కట్టి, విప్పేశాను. ఏళ్లు గడిచినకొద్దీ చెప్పాల్సిన మాట బరువెక్కిందే తప్ప తేలిక కాలేదు.

అక్క పోయాక, పదవీ విరమణ అయ్యాక, ఆయన భూపాలపల్లిలో దవాఖాన నర్సుగా ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. నేను జనగామకు వచ్చాక ఆమె ఉత్తరం వచ్చింది. బాపుకు బాగాలేదు, మీ చేతి మీదుగా ప్రభు భోజనం తీసుకోవాలని అడుగుతున్నడు అని రాసింది.

హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా వెళ్లాను. సంచిలో రొట్టె, ద్రాక్షారసం, ప్రార్థన పుస్తకం. వాటి కింద ఆయన తువాలలోనే ఆయన సంచిక.

మంచం గోడకు ఆనించి, గుమ్మం వైపు మొహం ఉండేట్టు వేశారు. వచ్చేవాళ్ల కోసం కాదు, పోయేవాళ్లు కనిపించాలని ఆయనే అట్లా వేయించుకున్నాడట. మనిషి దుప్పటి కింద చారలాగా ఉన్నాడు. నల్లపెట్టె మంచం కింద ఉంది.

"వచ్చినవా అయ్యగారూ? గూడ్సు లెక్క నిదానంగ వచ్చినవ్."

కూతురు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి వంటింట్లోకి వెళ్లింది. నేను రొట్టె తీసి పెట్టాను. చెయ్యి ముందుకు సాగలేదు. సహోదరునికి నీమీద విరోధం ఏదైనా ఉంటే అర్పణ అక్కడే విడిచిపెట్టి, ముందు అతనితో సమాధానపడాలి. ఈ సంగతిని మందికి బోధించినవాణ్ణి నేను. రొట్టె పక్కన తువాల మూట పెట్టి విప్పాను.

"అన్నా, నేను దీన్ని కాల్చలేదు. దొంగిలించుకున్నాను."

ఆయన చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు. సంతోషిస్తాడేమోనని బస్సులో వస్తూ ఒక మూల ఆశపడ్డాను. ఆయన కళ్లు పుస్తకం మీదినుంచి లేచి, పైకప్పు దూలాల మీద తిరిగాయి.

"అంటే... ఇన్నేండ్లు పైన ఏం లేదా?"

మోకాళ్ల మీద కూర్చున్నాను. నా దొంగతనంతో పుస్తకం ఒక్కటే పోయిందనుకున్నాను. ఆ మనిషి ఇచ్చినదాన్ని ఇవ్వనట్టు చేశానని, అది ఇప్పుడు, ఈ మంచం పక్కన, నా నోటితోనే చేశానని అప్పుడు తెలిసింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది.

"నేనైతే ఇచ్చిన" అన్నాడు చివరికి. "ఇచ్చిననా లేదా?"

"ఇచ్చావన్నా."

"మరి బండి దార్ల ఆగింది. పక్కకు లూప్ లైన్ల పెట్టిన్రు. గూడ్సు ఎన్నడన్న టైముకు పోయిందా?" కొంచెం దగ్గి, నావైపు తల తిప్పాడు. "ఆపినోడు నువ్వని ఎరుక లేకుండె. గంతే."

"ఇది తీసుకోన్నా. నీదే."

"నాదెట్లయితది? ఇచ్చిన గద."

"అయితే ఇప్పుడు కాల్చమంటావా?"

"ఇప్పుడు కాలిస్తె పొగ నీదయితది, నాది కాదు." కళ్లు మూసుకున్నాడు. "నీ దగ్గర్నే ఉండనియ్. పది మంది చదవనియ్. నాకు మాత్రం ఒక్కటి జెప్పు. నిలుచున్నోళ్లల్ల నాలుగో ఆయన ఎవరు?"

పుస్తకం తెరవనక్కరలేదు. అయినా తెరిచాను, పై మూల పట్టుకొని. ఆ వరుస మొదటినుంచీ చదివాను. బేకర్, హిల్, కూపర్.

"గార్నెట్."

ఆయన కుడిచెయ్యి దుప్పటి మీదనుంచి కొంచెం లేచి ఉంది. "గార్నెట్" అన్నాడు, పిలిచినట్టు. క్షణం ఆగాడు. చెయ్యి దించాడు. "ఫ్రాస్ట్. రీడ్. ఇగ రొట్టె ఇయ్యి అయ్యగారూ."

ఇచ్చాను. నేను కూడా తీసుకున్నాను. పన్నెండేళ్లలో నిజంగా తీసుకున్నది ఆ రోజే. తొమ్మిదో రోజున ఆయన పోయాడని కబురు వచ్చింది.

నిన్న చదువుగదికి ఆ సంచిక తెచ్చి ఖాళీ అరలో మొదటి పుస్తకంగా పెట్టాను. యువజన కార్యదర్శిని చేతులు కడుక్కొని రమ్మన్నాను. నవ్వుకుంటూ పోయి, కడుక్కొని, చున్నీకి తుడుచుకుంటూ వచ్చింది.

"ఇంతకు ఎవరు గెలిచిన్రు అయ్యగారూ?"

"అది తరువాత చూద్దువు. ముందు ఈ ఫొటో కింద ఉన్నది పైకి చదువమ్మా."

ఆ అమ్మాయి పేర్లమీద వేలు పెట్టింది. "బేకర్, హిల్, కూపర్, గార్నెట్, ఫ్రాస్ట్, రీడ్" అని గబగబా చదివేసి, కూర్చున్న వరుసలోకి వెళ్లిపోయింది.

నేను మాత్రం కూపర్ దగ్గరే ఆగి, గాలిలో ఒక చెయ్యి కోసం చూస్తున్నాను.